తన నంబరు తానే రాయించిన కాక

పోయిన మంగళవారం పొద్దున, నల్లా నీళ్లు వచ్చే వేళకు, ఎదురు గదిలో ఉండే చిన్నమ్మ, కాక భార్య, గ్యాలరీలోకి వచ్చి నిలబడింది. చేతిలో బిందె లేదు. "మీ కాక లేస్తలేడు బిడ్డా" అంది. నేను లోపలికి వెళ్లేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెయ్యి వేయగానే నాకు అర్థమైపోయింది. డాక్టరు వచ్చి నిద్రలోనే గుండె ఆగిందని చెప్పి కాగితం రాసిచ్చాడు. కాకకు అరవై మూడేళ్లు.

వరుసగా ఒంటిగదులుండే మా చాల్‌లో అందరికీ ఆయన హవల్దార్. నాకు మాత్రం కాక. మా మధ్య రక్తసంబంధం లేదు. వాళ్ల తాత పాలమూరు నుంచి బొంబాయికి రాళ్లు కొట్టడానికి వచ్చాడు. కాక ఇక్కడే, ఈ కామాఠిపురాలోనే పుట్టి, మున్సిపాలిటీ బడిలో చదివి పోలీసయ్యాడు. మా నాయిన అదే జిల్లా నుంచి ఇరవయ్యో ఏట తాపీపని వెతుక్కుంటూ వచ్చాడు. గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల మీద ఎటు పోవాలో తెలియక నిలబడినవాణ్ణి, డ్యూటీ దిగి వస్తున్న కాక మాట తీరును బట్టి పోల్చుకుని వెంట తెచ్చుకున్నాడట. మేము ఇప్పటికీ ఉంటున్న ఈ ఒంటిగది ఇప్పించింది ఆయనే. నాయిన ఆయన్ని అన్నా అనేవాడు, ఆయన నాయినను తమ్మీ అనేవాడు.

కాక డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే టోపీ, బెల్టు తీసి తలుపు వెనక తగిలించేవాడు. యూనిఫామ్ తనే ఉతుక్కునేవాడు. అందరిలా గ్యాలరీ తీగ మీద కాకుండా గదిలోనే ఫ్యాను కింద ఆరేసేవాడు. చెమ్మ వాసన వస్తోందని చిన్నమ్మ విసుక్కునేది. "బయట ఆరేస్తె జనం గుసగుస మాట్లాడుతరు. ఎవలింటి ముంగట వాళ్లు గట్టిగ మాట్లాడుకోవాలె" అనేవాడు.

ఊరి నుంచి కొత్తగా వచ్చిన కూలీలను అనుమానం మీద ఠాణాకు తీసుకుపోవడం మామూలే. వాళ్లకు హిందీ రాదు, మరాఠీ అసలే రాదు. బెదిరిపోయి ఏమడిగినా తలూపేవాళ్లు. కాకకు కబురందితే సెలవు రోజైనా వెళ్లి వాళ్ల పక్కన బల్ల మీద కూర్చునేవాడు. "తలకాయ ఊపకు. తెలిస్తె తెలుసు అను. తెల్వకపోతె తెల్వదు అను." ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. నా పదో తరగతి పరీక్షలకు ముందు నాకూ అదే చెప్పాడు.

ఇక మీకు చెప్పక తప్పని సంగతికి వస్తాను. తొమ్మిదేళ్ల కిందట పనులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. సగం లేచిన బిల్డింగులు అలాగే నిలిచిపోయాయి. నాగ్‌పాడా వైపు వెళ్లే రోడ్డు మీద మా వాళ్ల నాకా ఉండేది. కూలీలు పొద్దున్నే పనిముట్లతో వచ్చి, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని నిలబడే చోటు అది. అంతకుముందు తొమ్మిదింటికల్లా ఖాళీ అయ్యే నాకా ఆ ఏడు మధ్యాహ్నం దాకా జనంతో నిండి ఉండేది. దుకాణాల వాళ్లు ఫిర్యాదు చేశారు. రోడ్డుకు అడ్డమని, ఇక అక్కడ నిలబడొద్దని పోలీసులు రెండు మూడు సార్లు తరిమారు. నిలబడే చోటే పోతే పని ఎక్కడ దొరుకుతుంది? ఒకరోజు కూలీలంతా రోడ్డు మీద కూర్చున్నారు. మా నాయినా కూర్చున్నాడు.

ఆ పొద్దున లాఠీలు లేచాయి. రాళ్లూ పడ్డాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీదే తర్వాత ఊరంతా వాదించుకుంది. మా నాయినను ఇద్దరు కూలీలు మోసుకొచ్చారు. కుడి మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగింది. అతికింది కానీ వంకరగా అతికింది. ఆ చెయ్యి మళ్లీ తాపీ పట్టలేదు.

మర్నాడు సాయంత్రం కాక మా గుమ్మం ముందుకు వచ్చాడు. మామూలు చొక్కాలో ఉన్నాడు. లోపలికి రాలేదు.

"తమ్మీ, దెబ్బ నాదే" అన్నాడు.

నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నాకు ఎర్కనే. నిన్ను చూసే చెయ్యెత్తిన. అన్నా ఆగు అని పిలిచిన. నీకు ఇనబడలే."

"రాయి ఉన్నదనుకున్న. కొట్టినంక మొఖం చూసిన."

నేను లేచి తలుపు వేసేశాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి, డిగ్రీ చదువుతున్నాను. అరగంట తర్వాత తలుపు తీస్తే ఆయన అక్కడే, మెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"పోకుంటె ఈడనే ఉంటవా?" అన్నాను. ఆయనతో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"కాగితం, పెన్ను తెచ్చుకో బిడ్డా. ఫిర్యాదు రాయాలె."

"ఎవరి మీద?"

"నా మీద. మీరు రాస్తె ఎవరో పోలీసు కొట్టిండని రాస్తరు. గట్ల రాస్తె చెత్తబుట్టల పడేస్తరు. నంబర్ వెయ్యాలె."

మెట్ల మీద ఆయన పక్కన కూర్చుని రాశాను. తేదీ చెప్పాడు, వేళ చెప్పాడు, తాను వరుసలో ఎడమ నుంచి ఎన్నోవాడో చెప్పాడు. ఛాతీ మీద ఉండే తన నంబరును ఒక్కొక్క అంకె విడదీసి చెప్పాడు. నేను రాసింది మళ్లీ చదివించుకున్నాడు. ఒకచోట నేను "కావాలని కొట్టాడు" అని రాశాను. ఆయన, "అది నాకు తెల్వదు బిడ్డా. నువ్వు అట్ల అనుకుంటె ఉండనియ్యి" అన్నాడు. నేను కొట్టేయలేదు. ఇవాళ్టికీ ఆ కాగితంలో ఆ మాట అలాగే ఉంది.

తర్వాత రెండు నెలలు టీవీల్లో, పేపర్లలో మా నాకా గురించే మాట్లాడారు. పోలీసులు లేకపోతే ఊరు తగలబడుతుందని కొందరు, పోలీసులే తగలబెట్టారని కొందరు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు రోడ్లు రాసిచ్చామా అని ఇంకొందరు. మా చాల్‌లోనూ రెండు జట్లయ్యాయి. ఫోరస్ రోడ్‌లో దుకాణాలున్నవాళ్లు మా కూలీలను తిట్టారు, కూలీల ఇళ్లవాళ్లు హవల్దార్‌ను తిట్టారు. కాక టీవీ గొంతు పూర్తిగా తగ్గించి చూసేవాడు. ఎందుకలా అంటే, "గొంతు తీసేస్తె అందరు ఒక్క తీర్ననే కనబడుతరు" అనేవాడు.

విచారణ వేశారు. ఒక వానాకాలం మధ్యాహ్నం కాకను సాక్ష్యానికి పిలిచారు. నాయినతో పాటు నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మూడుసార్లు మైకులో హెచ్చరించాకే లాఠీ ఎత్తామని అప్పటికే చాలామంది పోలీసులు చెప్పి ఉన్నారు. విచారణ అధికారి మెత్తగానే అడిగాడు. మాటలన్నీ మరాఠీలో సాగాయి.

"హెచ్చరిక విన్నావా?"

"ఇవ్వలేదు సాహెబ్."

"అంత గోలలో నీకు వినిపించి ఉండకపోవచ్చు కదా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"మైకు నా భుజానికే ఉంది సాహెబ్. నాకు తెలుగు వచ్చని, వాళ్ల భాషలో చెప్పమని నాకే ఇచ్చారు. చెప్పమని ఆర్డర్ రాలేదు. నేను చెప్పలేదు."

రాసుకునే గుమాస్తా తలెత్తి ఆయన వైపు చూశాడు.

బయట వానలో బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయిన ఆయనతో చివరిసారి మాట్లాడాడు. "నిజం చెప్పినందుకు దండం అన్నా. నా చెయ్యి మాత్రం తిరిగి రాదు." ఆ తర్వాత ఎదురెదురు గదుల్లో ఉంటూ తొమ్మిదేళ్లు ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. కాక గ్యాలరీలోకి వస్తే నాయిన లేచి లోపలికి వెళ్లేవాడు.

ఆ సాక్ష్యం వల్ల ఏమైందని మీరు అడగొచ్చు. ఏమీ కాలేదు. నివేదిక ఇచ్చారన్నారు, అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా ఫిర్యాదుకు జవాబు రాలేదు. నాకా ఉన్న చోట ఇనుప కటకటాలు కట్టారు. కూలీలు చెల్లాచెదురై, ఇప్పుడు ఎక్కడ తరమకపోతే అక్కడ నిలబడుతున్నారు. మా నాయిన ఒక అద్దాల బిల్డింగుకు వాచ్‌మన్ అయ్యాడు. కాకను ఊరి చివర ఏదో గోదాము కాపలాకు వేశారు. తోటివాళ్లు ఆయనతో కలిసి టీ తాగడం మానేశారు. రిటైరైన రోజు ఎవరూ దండ వెయ్యలేదు. ఒక ప్లాస్టిక్ సంచిలో యూనిఫామ్ పెట్టుకుని, రోజూలాగే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు.

ఇటు చాల్‌లోనూ ఆయన్ని క్షమించినవాళ్లు తక్కువ. పొద్దున నీళ్ల వరుసలో తన వంతు వదిలేసి అందరికన్నా వెనక నిలబడేవాడు. ఎవరూ నిలబడమనలేదు. ఎవరూ ముందుకు రమ్మని కూడా అనలేదు. నేనూ అనలేదు. చాలా ఏళ్ల పాటు అనలేదు.

అయినా ఆయన ఒక్క పని మానలేదు. మా ఊళ్ల కూలీలను ఎవరినైనా పట్టుకుపోయారని తెలిస్తే చెప్పులేసుకుని బయల్దేరేవాడు. అక్కడి కొత్త పోలీసులకు ఆయనెవరో తెలియదు, బయట కూర్చోమనేవాళ్లు. కూర్చునేవాడు. కిందటి చలికాలంలో మా పెద్దనాయిన కొడుకును అలాగే తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. గేటు పక్కన గోడ నీడలో నాలుగు గంటలు కూర్చున్నాం. మా అన్న చివరికి బయటికొచ్చి, "తల ఊపలే కాకా" అన్నాడు. అప్పుడు కాక నవ్వాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజు తిరిగి వస్తూ అడిగాను, ఎన్నో ఏళ్లుగా గొంతులో ఉన్న మాట.

"సాక్ష్యం చెప్పినందుకు ఎప్పుడన్న బాధపడ్డవా కాకా?"

నడుస్తూనే జవాబిచ్చాడు. "చెప్పినందుకు లేదు బిడ్డా. చెప్తె ఏమన్న మారుతదనుకున్న జూడు, అందుకు బాధ."

ఇంకో నాలుగు అడుగులు వేశాక ఆగిపోయాడు. "ఆర్డర్ రాకుంటె ఏమాయె? మైకు నా దగ్గర్నే ఉండె. తెలుగుల ఒక్క మాట, లేచి పోండ్రి అంటె, మనోళ్లు పోయేటోళ్లు. నేను నోరు తెరవలే. చెయ్యి లేపిన."

అంతటి మనిషికి ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాటలేవీ లేకపోయాయి. నేను బాల్వాడీలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పుతాను. అన్నిటికీ మాటలు దొరుకుతాయని పిల్లలకు చెబుతుంటాను. ఆ సాయంత్రం నుంచి ఆ మాట చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. నిజం చెప్పడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. అది చెప్పినా గోడకు చెప్పినట్టే ఉంటుందని తెలిసింది కూడా ఆయన్ని చూసే. మొదటిదానికి ఆయనకు రుణపడి ఉన్నాను. రెండోదాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

ఆయన్ని సాగనంపిన రోజూ ఊరు ప్రశాంతంగా లేదు. ఇంకెక్కడో లాఠీలు లేచాయని ఒక జట్టు, పోలీసులకు మద్దతుగా ఇంకో జట్టు వీధి మోర్చాలకు పిలుపునిచ్చాయి. మా వీధి చివర చక్రాల బ్యారికేడ్లు అడ్డం పెట్టారు. మా చాల్ మెట్లు ఇరుకు. ఆయన్ని ముందు దుప్పట్లో కిందికి దించి, వీధిలో పాడె కట్టారు. డిపార్టుమెంటు నుంచి ఎవరూ రాలేదు. మా నాయిన ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరితో ఏమీ అనకుండా వచ్చి అందరికన్నా వెనక నడిచాడు. మా వైపు ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లరు కాబట్టి చిన్నమ్మను పట్టుకుని నేను వీధి చివర దాకా వెళ్లాను.

బ్యారికేడ్ దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్ ఆపింది. "ఎంతమంది?" అని మరాఠీలో అడిగింది.

"చనిపోయింది రిటైర్డ్ హవల్దార్" అన్నాను.

ఆమె పాడె వైపు చూసి టోపీ సర్దుకుంది. పక్కనున్న అధికారిని అడిగొచ్చింది. "గుంపు వద్దంటున్నారు. ఇరవై మంది పోండి. మిగతావాళ్లు ఇక్కడే ఉండాలి. మా చేతుల్లో లేదక్కా" అంది. కసురుకోలేదు. నిజంగానే ఆమె చేతుల్లో లేదని నాకు అనిపించింది.

బ్యారికేడ్‌ను పాడె పట్టేంత పక్కకు జరిపారు. మోసేవాళ్లు భుజాలు కుదించుకుని దాటారు. ఆమె వేలితో ఒక్కొక్కరినే లెక్కపెట్టింది. మా నాయిన వంతు వచ్చేసరికి ఇరవై అయిపోయాయి. చక్రాలు కిర్రుమన్నాయి, సందు మూసుకుంది. ఇనుప కమ్ముల మధ్య నుంచి పాడె మీది బంతిపూలు కాసేపు కనిపించాయి. తర్వాత మనుషుల వీపులు, ఆ తర్వాత ఎండలో ఖాళీ రోడ్డు. చిన్నమ్మను తీసుకుని మేమందరం వెనుదిరిగాం. నాయినను పిలిచాను. ఆయన ఆ కమ్మి పట్టుకుని అటే చూస్తూ నిలబడిపోయాడు.