ఊరికే దీపం

నిన్న సాయంత్రం మా మనవరాలు బాల్కనీ ఊచలకి చిన్న చిన్న లైట్ల దండ చుట్టి, స్విచ్చి వేసి, బాగుందా నాయనమ్మా అని అడిగింది. బాగానే ఉంది గానీ ఎందుకవి అన్నాను. ఆ వెలుతురులో సూదిలోకి దారం ఎక్కదు, పేపరు కనపడదు. పోనీ గుమ్మం దగ్గర చెప్పులన్నా కనపడతాయా అంటే అవీ కనపడవు. మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది. "ఊరికే నాయనమ్మా, ఊరికే" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ మాట విన్నాక నాకు విసుక్కోవడానికి కూడా ఓపిక లేకపోయింది. తొంభై దాటిన దాన్ని. ఆ ఒక్క మాట మీద ఈ జన్మకి పడాల్సిన విసుగంతా నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడే పడేశాను. నరసరావుపేటలో, మా అత్తగారింట్లో, యుద్ధం రోజుల్లో.

మా అత్తగారిల్లు పెద్దదే. వీధి వైపు గది ఖాళీగా ఉంటే, ఊళ్ళో ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి అద్దెకిచ్చారు. తెల్లగా, సన్నగా, పొడుగ్గా ఉండేది. దొరసాని అనుకుని వీధి వీధంతా చూడటానికి వచ్చారు. ఆమె దొరలకు చెందిన మనిషి కాదని, జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిందని, వాళ్ళది యూదు మతమని, అక్కడి సర్కారు వాళ్ళని బతకనివ్వడం లేదని పేపరు చదివే మా మామ అందరికీ విడమర్చి చెప్పాడు. వాళ్ళ అమ్మ, చెల్లెలు మాత్రం అక్కడే చిక్కుబడిపోయారు. కాగితాలు అందగానే వాళ్ళూ బయలుదేరి వస్తారని డాక్టరమ్మ ఆశ. యుద్ధం ముదిరాక ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. పగలు ఆసుపత్రిలో కాన్పులు చేయడం, సాయంత్రం మా అరుగు మీద కూర్చుని మా మాటలు వింటూ తెలుగు నేర్చుకోవడం, ఇదీ ఆమె దినచర్య. నన్ను విని నేర్చుకుంది కాబట్టి మా అత్తని ఆమె కూడా అత్తా అనే పిలిచేది. నాకు నువ్వు ఏ వరసన కోడలివని మా అత్త మొదట్లో నిలదీసింది. ఆ తర్వాత ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టింది. ఉన్న ఒక్క కోడలితోనే వేగలేక పోతున్నానని ఊరందరికీ చెప్పుకునే మనిషి మరి.

మా అత్త గురించి ఒక్కటి తెలిస్తే చాలు. ఆమె చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. పప్పులో రాళ్ళు ఏరుతుండాలి, కాకపోతే పత్తి తీసుకుని వత్తులు చేస్తుండాలి. చావు పరామర్శకి వెళ్ళినా కొంగున ఇంత పత్తి కట్టుకుని వెళ్ళేది. నేను కాసేపు గోడకి ఆనుకుంటే చాలు, ఏమే, గోడ పడిపోతందా అని అడిగేది.

ఆ ఏడు కార్తీకం వెళ్ళిపోయాక డాక్టరమ్మ ఒకనాడు వచ్చి అమావాస్య ఎప్పుడని అడిగింది. మా అత్త ముఖంలో రంగు మారింది. పరాయి దేశం మనిషికి అమావాస్యతో పనేమిటి? తీరా అడిగితే సంగతి తేలింది. వాళ్ళ నెలలు కూడా మనలాగే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయట. వాళ్ళ దీపాల పండగ అమావాస్యకి నాలుగైదు రోజుల ముందు మొదలై, నెలపొడుపు కనిపించాక అయిపోతుందట. హనుక్కా అంటారట. వాళ్ళ పంచాంగం ఆమె దగ్గర లేదు, అందుకని మన పంచాంగం కోసం వచ్చింది. మా మామ కళ్ళజోడు పెట్టుకుని తిథి చూసి చెప్పాడు. ఆమె ప్రమిదలు, నూనె, వత్తులు కూడా అడిగింది. కార్తీకం పోయినాక దీపాలేందని మా అత్త సణిగింది. సణుగుతూనే పత్తి తీసుకుంది.

ఇంక అక్కడి నుంచి మొదలైంది నా గ్రహచారం. మొదటిరోజు ఒక దీపం, రెండోరోజు రెండు, అలా రోజుకొకటి పెంచుకుంటూ ఎనిమిదో రోజుకి ఎనిమిది. ఇవి కాక వాటిని వెలిగించడానికి ఇంకోటి. దాన్ని, బియ్యం కొలిచే సోల బోర్లించి, దాని మీద కాస్త ఎత్తులో పెట్టేది. అది నౌకరు దీపమట, దాని పని మిగతావాటిని వెలిగించడమేనట. మేము దానికి పనిదీపమని పేరు పెట్టాం. వీటన్నిటినీ వీధి కిటికీలో పెట్టాలి, దారిన పోయేవాళ్ళకి కనపడాలి. చలిగాలి కొడుతుంది తలుపు వెయ్యమంటే వెయ్యదు. మొదటిరోజు ఆ దీపం వెలగగానే మా అత్త, ఎటూ నూనె ఖర్చవుతోంది కదా అని పప్పు చేట తెచ్చుకుని కిటికీ కింద చతికిలబడింది. డాక్టరమ్మ కంగారుపడింది.

"అత్తా, ఈ వెలుతుర్లో పని చెయ్యకూడదు."

"మరెందుకే ఈ దీపం?"

పాపం ఆమెకి తెలిసిన తెలుగు ఎంత? కాసేపు వెతుక్కుని, నా నోట ఎప్పుడు విన్నదో, "ఊరికే" అంది.

మా అత్త చేట కింద పెట్టింది. కిరసనాయిలు కోసం బారులు తీరి నిలబడే రోజులు. నూనె గరిటెతో కొలుచుకుని వాడుకునే రోజులు. అందులో ఊరికే దీపం! చీకట్లో కనపడటానికి కాదు, చదువుకోవడానికి కాదు, దేవుడి పటం ముందు కూడా కాదు. చూడటానికి. అది చాలదన్నట్టు డాక్టరమ్మ ఇంకో నియమం చెప్పింది. ఆ దీపాలు వెలిగే అరగంటా ఆడవాళ్ళు ఏ పనీ ముట్టుకోకూడదట. వెనకటికి వాళ్ళని గెలిపించినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారట, అందుకని ఆడవాళ్ళకి ఆ కాసేపు సెలవట. నన్ను కూడా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ళ దేవుడు సెలవిచ్చాడు, సంతోషం. మా గేదెకి ఆ సంగతి ఎవరు చెప్తారు? సరిగ్గా పాలు పితికే వేళ. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. పొలం నుంచి మగవాళ్ళు వస్తుంటారు. ఆ అరగంట పని ఎక్కడికీ పోదు కదా, తర్వాత నా నెత్తినే పడుతుంది. ఇటు అత్త సణుగుడు, అటు డాక్టరమ్మ నియమాలు, మధ్యలో నేను. ఆ ఎనిమిది రోజులూ నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండోరోజు మా అత్త మళ్ళీ చేటతో హాజరైంది. ఆ పనిదీపం ఎందుకో సరిగ్గా చెప్పమని డాక్టరమ్మని అడిగింది. ఎవరి చూపయినా ఆ వెలుతురులో దేనిమీదయినా పడితే, అది ఆ నౌకరు దీపం వెలుతురు కింద లెక్క అని, మిగతావాటికి దోషం తగలదని ఆమె చెప్పింది. మా అత్త తల పంకించి, చేటని సోల పక్కకి జరుపుకుని, రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"నేను దీని వెలుతుర్లో ఏరుకుంటన్నా. వాటి వంక చూస్తేనా?"

డాక్టరమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వాళ్ళ మతంలో గడ్డాల పండితులు ఇలాగే కూర్చుని నెలల తరబడి వాదించుకుంటారట. పల్నాటి ఆడదానితో వాదన పెట్టుకోవద్దమ్మా, కోర్టు మెట్లెక్కినా గెలవలేవని మా మామ వీధిలోంచే చెప్పాడు. ఆ విధంగా మా అత్త ఏటా పనిదీపం కింద తన పని తాను చేసుకుంది. పని చెయ్యకూడదన్న నియమం నా ఒక్కదానికే మిగిలింది. అదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

వీధిలో వాళ్ళు వచ్చి ఇదేం నోమని అడిగేవాళ్ళు. కథ చెప్పాల్సింది డాక్టరమ్మ, చెప్పేది మా అత్త. ఒక దుర్మార్గపు రాజు వాళ్ళ గుడి పాడు చేశాడు, వీళ్ళు కొండల్లో దాక్కుని పోరాడి గుడి మళ్ళీ దక్కించుకున్నారు, కడిగి శుభ్రం చేసి దీపం పెడదామంటే సీలు చెడని నూనె ఒక్క బుడ్డి దొరికింది, ఒక్కరోజుకి సరిపోయే ఆ నూనె ఎనిమిది రోజులు వెలిగింది. కథ సరిగ్గానే చెప్పేది. అసలు మా అత్తకి రాజుతో, యుద్ధంతో పనిలేదు. ఆ నూనె ఏ గానుగలో ఆడించారని డాక్టరమ్మని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. వాళ్ళు ఆ రోజుల్లో నూనెలో వేయించినవి తినాలని ఒక ఏడు డాక్టరమ్మ వంటకి దిగింది. వాళ్ళ దేశంలో బంగాళాదుంప తురిమి చేస్తారట. సంతలో అవి దొరక్క, దుంప దుంపే కదా అని కంద తెచ్చి, పచ్చిదే తురిమి, బిళ్ళలు తట్టి వేయించింది. తురిమినందుకు ఆమెకి చేతులు, తిన్నందుకు మాకు గొంతులు, ఒకటే దురద. ఊరి కాన్పులన్నీ చేసే చేతులకి నేను కూర్చుని చింతపండు రుద్దాను. సగం వేగిన ఆ కంద వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు.

ఏటా మొదటి దీపం వెలిగించాక డాక్టరమ్మ ఒకే మాట అనేది. మా అమ్మ కూడా ఇప్పుడు మా కిటికీలో వెలిగిస్తూ ఉంటుంది అని. ఏటా మా అత్త అడిగేది, వాళ్ళ కబురేమన్నా తెలిసిందా అని. తెలియలేదనేది. అది విని మా అత్త మర్నాడు నా ప్రాణం తీసేది. పెరటి గదిలో పత్తిగింజల బస్తాలు ఉండేవి. ఆ బస్తాలన్నీ తీయించి, గది కడిగించి, గోడకి సున్నం కొట్టించేది. వాళ్ళమ్మ, చెల్లెలు ఇవాళో రేపో వస్తే ఎక్కడ పడుకుంటారని ఆమె ప్రశ్న. వాళ్ళు వచ్చేదీ లేదు, ఏమీ లేదు. నాలుగు నెలలాగి బస్తాలు మళ్ళీ గదిలోకి చేరేవి, మళ్ళీ ఏడు మళ్ళీ తీయించేది. రాని చుట్టాల కోసం నా నడుం విరుగుతోందని మా ఆయన దగ్గర ఏడ్చాను. ఆయనకి అమ్మ మాట మీద నోరు లేచేది కాదు.

యుద్ధం అయిపోయింది. డాక్టరమ్మ తెలిసిన ప్రతివాళ్ళ చేతా వాకబు చేయించింది. ఏడాది గడిచింది. ఒక సాయంత్రం నేను, మా అత్త బావి దగ్గర బట్టలు పిండుతుంటే, ఆసుపత్రి నుంచి వచ్చి, చేతిసంచి దించకుండానే నిలబడింది.

"అత్తా, ఎవరూ లేరంట."

మా అత్త చేతిలో ఉన్న చీరని, నీళ్ళు కారడం ఆగిపోయినా, పిండుతూనే ఉంది.  డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున మామూలుగానే ఆసుపత్రికి వెళ్ళింది. ఆ రోజంతా మా అత్త కూరలో ఉప్పు లేదని నన్ను తిట్టింది. ఉప్పు సరిగ్గానే ఉంది. పెరటి గది అప్పుడు ఖాళీగానే ఉంది. బస్తాలు లోపల పెట్టించమంటారా అని పాలేరు అడిగితే వద్దంది.

ఆ ఏడు మార్గశిరంలో డాక్టరమ్మ అమావాస్య ఎప్పుడని అడగలేదు. మా అత్తే మామ చేత పంచాంగం తీయించింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో నిలబడి, ఇవాళే కదా అని డాక్టరమ్మతో అంది. ఆమె మంచం మీద నుంచి లేవలేదు.

"ఈ ఏడు వద్దత్తా. ఊరికే ఎందుకు?"

మా మాట మాకే అప్పజెప్పింది. ఇన్నేళ్ళూ నూనె చూసుకుని మా అత్త సణిగిన మాట అదే. మా అత్త విసవిసా వంటింట్లోకి వచ్చి, అడ్డంగా ఉన్నానని నన్ను ఒక కసురు కసిరి, రెండు ప్రమిదలు, నూనె గిన్నె తీసుకుని వెళ్ళింది. వత్తులు ఎప్పుడు చేసిందో ఏమో, సిద్ధంగానే ఉన్నాయి. కిటికీ బార్లా తెరిచింది. సోల బోర్లించి పనిదీపం వెలిగించింది. దానితో ఒక్క దీపం వెలిగించింది. ఆ తర్వాత తలలోంచి చేమంతి తీసి పనిదీపాన్ని కొండెక్కించింది. మా ఇళ్ళలో దీపాన్ని నోటితో ఊదరు, పువ్వుతోనే మలుపుతారు. వాళ్ళ ఆచారంలో అలా చేస్తారో లేదో నాకు తెలియదు. ఆ పనిదీపం కోసం అంత వాదించి గెలిచిన మనిషి, చేట పక్కన పెట్టి, కిటికీ కింద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పప్పు లేదు, పత్తి లేదు. ఆ చేతుల్ని చూస్తే నాకు భయమేసింది.

డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి ఆ దీపాన్ని, ఆ చేతుల్ని చూసింది.

"ఎందుకత్తా?"

"ఊరికేనే" అంది మా అత్త.

డాక్టరమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అంతకుముందు ఎవరి ముందూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. మా అత్త ఓదార్చలేదు, వీపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చేతులు తీస్తే అదీ ఒక పనేనని అనుకుందేమో. నా వైపు తిరిగి నువ్వు కూడా వచ్చి కూర్చోవే అంది. పొయ్యి మీద అన్నం మాడిపోతుంది అత్తా అన్నాను. మాడనీ అంది. ముగ్గురం ఆ ఒక్క దీపాన్ని చూస్తూ కూర్చున్నాం. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. అన్నం నిజంగానే మాడింది. గిన్నె తోమడానికి మర్నాడు నాకు పూట పట్టింది. మిగతా ఏడు రోజులూ కూడా మా అత్త చేట ముట్టుకోలేదు.

డాక్టరమ్మ రెండేళ్ళ తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయింది. మా అత్త పోయి కూడా చానాకాలమైంది. నిన్న రాత్రి భోజనాలయ్యాక, కరెంటు దండగని ఆ లైట్ల దండ ఆర్పుదామని లేచి బాల్కనీలోకి వెళ్ళాను. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, తీసేసి, అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని పప్పులు ఏరానో, ఎన్ని గిన్నెలు తోమానో, అవేవీ నాకు గుర్తులేవు. అన్నం మాడబెట్టుకుని ఊరికే కూర్చున్న ఆ అరగంట మాత్రం ఇంకా అయిపోలేదు.