రూతు చేతిలో బంగారు రేకులు

చాలా ఏళ్లు ఒక పొగడ్తను మోశాను. తిట్టయితే ఎప్పుడో దించుకునేవాణ్ణి. రోజూ డైరీ రాసే నేను ఆ పొగడ్త అందిన రోజు మాత్రం ‘ఎండ ఎక్కువ’ అని రాసి మూసేశాను. ఎవరికి భయపడ్డాను? నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కదా!

టెక్కలిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. జిల్లా సైన్స్ ప్రదర్శనకు మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపాలి. ఇద్దరు పోటీలో మిగిలారు. ఒకడు కంచిలిలో ఉండే మా అక్క కొడుకు చిన్నారావు. రెండో మనిషి అక్కుపల్లి నుంచి వచ్చే రూతు; వాళ్ల నాన్న సముద్రం మీద వేటకు వెళ్తాడు. తాను లెడ్ అయొడైడ్ చేసి చూపిస్తానంది. లెడ్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ కలిపితే పచ్చటి పసుపు ముద్ద దిగుతుంది. మరిగే నీళ్లలో అది రంగు లేకుండా కరిగిపోయి, చల్లారేటప్పుడు బంగారు రేకులై మెరుస్తూ రాలుతుంది. దాని ముందు మావాడి ప్రయోగం నిలవదని నాకు తెలుసు.

ఇద్దరూ ప్రయోగం చేసి చూపించాల్సిన రోజు పొద్దున్నే ల్యాబ్ తెరిచి, ఆమె సీసాలోని డిస్టిల్డ్ వాటర్ పారబోసి, బావి నీళ్లు నింపాను. ఆ నీళ్లలోని కార్బొనేట్లు తగిలితే లెడ్ నైట్రేట్ తెల్లగా విరుగుతుంది. ఆ సంగతి క్లాసులో చెప్పింది నేనే.

అందరూ చూస్తుండగా ఆమె బీకరులో లెడ్ నైట్రేట్ కలిపింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

“ఏటే రూతూ, పాలొచ్చీసినాయేటి? టీ పెట్టెత్తావా?” అన్నాడు చిన్నారావు. పాపం, వాడికేమీ తెలియదు.

“పెడతాను గానీ, పంచదార నువ్వు తేరా” అంది తల ఎత్తకుండానే.

బీకరును వెలుతురుకు పట్టి చూసింది. ఎసిటిక్ ఆసిడ్ అడిగి తీసుకుని, చుక్క చుక్కగా వేసింది. కార్బొనేట్లు విరిగి సన్నటి బుడగలు లేచాయి. తెలుపు పోయి నీళ్లు తేటపడ్డాయి. ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత మంట, ఆ తర్వాత బీకరు నిండా బంగారం! ల్యాబంతా ఈలలు, చప్పట్లు. నేనూ కొట్టాను. నాకు సిగ్గు లేదా? ఆ క్షణాన లేదు. అంత అందంగా ఉంది.

అందరూ వెళ్లాక నా దగ్గరకు వచ్చింది.

“సార్, అవి బావి నీల్లండి. మీరేటైనా మార్సినారా?”

“నేనే మార్చినానమ్మా. నువ్వేటి చేస్తావో చూద్దామని.”

“బలే పరీచ్చెట్టినారు సార్!” అని నవ్వింది.

నా మొదటి మాట నిజం. రెండో మాట అబద్ధం. చేసిన తప్పు కన్నా, దాన్ని పాఠంగా మార్చి ఆమె కృతజ్ఞత పుచ్చుకోవడమే పెద్ద తప్పని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?

రూతు జిల్లాలోనూ గెలిచింది. కెమిస్ట్రీ లెక్చరరయింది. పోయిన నెల ప్రిన్సిపాలయినందుకు పలాసలో సభ పెట్టారు. అక్కడా ‘మా సార్ పెట్టిన పరీక్ష’ గురించే చెప్పి, శాలువా పట్టుకుని నా వైపు వచ్చింది. నేను లేచి మైకు అడిగాను. అది పరీక్ష కాదని, మేనల్లుడు గెలవాలని నీళ్లు మార్చానని చెప్పాను.

రూతు మైకు అందుకుంది. ముందు వరసలోని పిల్లలను చూస్తూ అంది:

“అయితే అది పరీచ్చ కాదన్నమాట. నేను నిజంగానే గెలిచీసినాను!”

పిల్లలు లేచి నిలబడి కేకలు పెట్టారు. ఆమె నా వైపు చూడలేదు. శాలువా బల్ల మీద పెట్టేసింది. నేను ఖాళీ భుజాలతో స్టేషన్‌కు నడిచాను. ఎంత తేలికగా ఉన్నాయో!