ఎస్కలేటర్ కత్తిరించిన ఆవ్ యాయ్

మా చిన్నప్పుడు నార్త్ యార్క్‌లో మేమున్న అపార్ట్‌మెంట్ గోడలు మరీ పల్చన... పక్కింట్లో కుట్టుమిషన్ మొదలైతే మా బల్ల మీద గ్లాసులు సన్నగా వణికేవి. నేను హోంవర్క్ వదిలేసి ఇల్లంతా తిరిగేదాన్ని.

"నీకు కాలు ఒకచోట నిలవదా?" అని అమ్మ కసిరేది.

ఎలా నిలుస్తుంది... ఆ బిల్డింగ్‌లో ఎవరి కాలూ నిలిచేది కాదు. స్టూడెంట్లు వెల్లువలా వస్తున్న రోజులవి. సెప్టెంబర్ వస్తే లాబీ నిండా సూట్‌కేసులే. మా చిన్న గదిలో కరీంనగర్ నుంచి వచ్చిన స్వప్నక్క అద్దెకుండేది. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. మధ్యలో కాస్త తీరిక దొరికితే స్టడీ పర్మిట్ కబురు కోసం ఈమెయిల్ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం...

ఆ కుట్టుమిషన్ లిన్‌ది. పక్కింటి వియత్నాం అమ్మాయి. స్వప్నక్క కాలేజీలోనే ఫ్యాషన్ డిజైన్ చదివేది. వాళ్ల నాయనమ్మని అందరం 'బా' అనేవాళ్లం. వాళ్ల భాషలో అలాగే పిలుస్తారట.

లిన్ ఎప్పుడూ ఆవ్ యాయ్‌లే కుట్టేది. అది వాళ్ల సంప్రదాయ దుస్తు. మెడను పట్టుకుని నిలబడే కాలరు, నడుము దగ్గర రెండు పక్కలా చీలిక, ముందొకటి వెనకొకటి పాదాల దాకా జారే కొంగులు, లోపల వదులు పైజామా. మొదటిసారి చూసి "ఇది మన చుడీదారే కదా!" అన్నాను. స్వప్నక్క పడీపడీ నవ్వింది.

లిన్ ఆ కొంగుల్ని మోకాళ్ల దాకా కత్తిరించి జీన్స్ మీద వేసుకునేది. చీలికకి జిప్పు, లోపల ఫోను పట్టే జేబు, కాళ్లకి స్నీకర్లు. పట్టు ఆవ్ యాయ్ మీద డెనిమ్ జాకెట్ తగిలించుకుని ఆఫీసులకెళ్లే అమ్మాయిలు డౌన్‌టౌన్ నిండా ఉన్నారని మాకు ఫోన్లో ఫోటోలు చూపించేది.

బాకి అదంతా గిట్టేది కాదు. గోడ అవతల రోజూ గొడవే. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు... విషయం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

ఒక చలికాలం వాళ్ల కొత్త సంవత్సరం, టెట్ పండగ వచ్చింది. ఒక హాల్లో వేడుక. లిన్ కుట్టినవి వేసుకుని ఆమె స్నేహితురాళ్లు స్టేజీ మీద నడుస్తారట. అమ్మకి ఆ రోజు డ్యూటీ ఉండడంతో స్వప్నక్క నన్నూ వెంటబెట్టుకుంది. పట్టు లంగా కింద స్నో ప్యాంటు తొడుక్కుని గుమ్మంలో గెంతుతున్నాను. ఇంతలో బా బయటికి వచ్చింది... దానిమ్మ గింజ రంగు పట్టు ఆవ్ యాయ్, పాదాల దాకా.

"అసలైనది ఎలా ఉంటుందో అక్కడ అందరికీ చూపిస్తుందట," అంది లిన్, పళ్లు బిగబట్టి.

రైలు దిగి పైకి వెళ్లే ఎస్కలేటర్ ఎక్కాం. ముందు బా, ఆవిడ వెనక లిన్, తర్వాత మేం. ఇంకాస్తయితే పైకి చేరతామనగా బా ఒక్కసారి వెనక్కి తూలింది. వెనక కొంగు మెట్టు పక్క సందులో ఇరుక్కుంది! ఆవిడ ఇటు లాగుతోంది, మెషిన్ అటు లాగుతోంది... గుడ్డ గట్టిగా బిగుసుకుని బా మోకాళ్ల మీద కూలబడింది. నేను కెవ్వున అరిచాను.

స్వప్నక్క మమ్మల్ని తోసుకుంటూ పైకి ఉరికి ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. మెట్లు ఆగాయి. కొంగు మాత్రం వదల్లేదు. లిన్ బ్యాగులోంచి కత్తెర తీసింది, కానీ చెయ్యి ముందుకు పోలేదు. రోజూ అన్నీ కత్తిరించే పిల్ల... ఆ పట్టు మీద కత్తెర పెట్టలేక ఏడుస్తోంది. బా గట్టిగా ఒకే ఒక్క మాట అరిచింది. తెగ్గొట్టమందని నాకూ అర్థమైంది. లిన్ ఏడుస్తూనే కొంగు కత్తిరించింది.

స్టేషన్ ఉద్యోగి పరుగెత్తుకొచ్చి బటన్ ఎవరు నొక్కారని అడిగాడు. స్వప్నక్క ముఖం పాలిపోయింది.

"నేనే కొట్టిన... నా పర్మిట్ క్యాన్సిల్ చేస్తరా ఏంది?" అని నా చెవిలో గొణిగింది.

"నో అక్కా, ఇట్స్ ఓకే," అన్నాను. నాకేం తెలుసని!

బా కుంటుకుంటూ వచ్చి స్వప్నక్కకీ అతనికీ మధ్య నిలబడింది. వియత్నాం భాషలో ఏదో గట్టిగా చెప్పేసింది. అతను నవ్వి, "మంచి పని చేశావమ్మా," అని ఇంగ్లిష్‌లో అన్నాడు. స్వప్నక్క ఉన్నచోటే కూర్చుని ఏడ్చేసింది. బా ఆమె తల నిమురుతూ నిలబడింది.

కాసేపటికి అందరం బెంచీ మీద సర్దుకున్నాం. బా తన వెనకవైపు తడుముకుని చూసుకుంది. ముందు పొడుగు, వెనక పొట్టి. ఏదో అంది. లిన్ నమ్మలేనట్టు చూసింది.

"ముందు కొంగు కూడా కత్తిరించమంటోంది... తోక తెగిన కోడిలా ఉందట."

లిన్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని కత్తిరించి, అంచులు మడిచి పిన్నులు పెట్టింది. తెల్ల పైజామా, నల్ల స్నో బూట్లు, మోకాళ్ల దాకా దానిమ్మ రంగు పట్టు... బా బెంచీ ముందు నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, మళ్లీ వేసింది. హాల్లో అమ్మాయిలంతా ఫోటోలకి ఆవిడ చుట్టూనే మూగారు. "ఇది నా మనవరాలి డిజైన్ కాదు, ఎస్కలేటర్ డిజైన్," అని బా అందరికీ చెప్పిందట!

ఆవిడేం మారిపోలేదు. మరుసటి టెట్‌కి మళ్లీ పాదాల దాకా కుట్టించుకుంది, కాకపోతే ఎస్కలేటర్ మానేసి లిఫ్టులో వెళ్లింది. గొడవలూ ఆగలేదు. కానీ లిన్ కుట్టే పొట్టి ఆవ్ యాయ్‌లకి కాలరు మాత్రం బా స్వయంగా చేత్తో కుట్టి ఇచ్చేది. "కాలరైనా సరిగ్గా ఉండాలి కదా," అనేదట.

తర్వాత ఎవరి దారి వాళ్లది. లిన్ సర్రీ అనే ఊరికి వెళ్లిపోయింది. స్వప్నక్క ఏజాక్స్‌లో ఇల్లు కొనుక్కుంది. బా ఇప్పుడు లేదు...

ఇప్పుడు నేనూ కాలేజీకి వెళ్తున్నాను. సబ్‌వే రైల్లో జీన్స్ మీద ఆవ్ యాయ్, కుర్తా మీద హూడీ... ఎవరూ తలతిప్పి చూడరు. మంచిదే. నా ఇష్టం వచ్చినట్టు కలిపి వేసుకుంటాను, ఎవరూ ఏమీ అనరు. అయినా బయల్దేరే ముందు ఎందుకో అద్దం ముందు ఆగుతాను... "ఇదేం బట్టలే!" అని ఒక్కరైనా అంటే బాగుండనిపిస్తుంది.

మీ ఇంట్లో ఏ బట్టల మీద పోట్లాట జరిగేది? చివరికి ఎవరు నెగ్గారు... చెప్పండి, వింటాను.