మిల్లీమీటర్ల షౌకత్

ఈ భూమ్మీద కదలనిది ఒకటుందంటే షౌకత్ చచ్చినా ఒప్పుకోడు. "బస్సు కదుల్తలేదు" అని పక్కసీటాయన విసుక్కుంటే, "బస్సుదేముంది అన్నా, కింద నేలే కదుల్తాంది" అని ఓదారుస్తాడు. పెళ్లికి పోతే పందిరిగుంజ దగ్గర సుద్దముక్కతో గీత గీసి, భోజనం చేసొచ్చి మళ్లీ చూసుకుంటాడు.

తప్పు అతనిది కాదు, ఉద్యోగానిది. ఏడు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం రాడార్‌తో నేలను చూస్తుంది. పన్నెండు రోజులకు మళ్లీ అక్కడికే వచ్చి చూస్తుంది. మబ్బు పట్టినా, చీకటి పడినా ఆ కంటికి అడ్డులేదు. శామీర్‌పేటలో కూర్చుని ఆ రెండు బొమ్మలనూ పోల్చి, హిమాలయాల్లో ఏ కొండవాలు ఎన్ని మిల్లీమీటర్లు జారిందో షౌకత్ చెబుతాడు.

అలాంటివాడికి గౌడవెల్లి ఊళ్లో సత్యమ్మ తగిలింది. గుట్ట కింద ఆమెది ఒంటి ఇల్లు. ఇంటి నెత్తిన ఏనుగంత బండ.

"అవ్వా, గా బండ కదుల్తది. ఇల్లు మార్చు."

"మా తాతలనాటి సంది కదల్లే. నేను గూడ కదల."

షౌకత్‌కు ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. మర్నాడే మూడు రేకులు మూలగా బిగించిన పెట్టె తెచ్చి బండమీద పాతాడు. రాడార్ తరంగం దానికి తగిలి తిరిగి పైకి పోతే బొమ్మలో అక్కడ చుక్క మెరుస్తుందట. ఇక పన్నెండు రోజులకోసారి హాజరు.

"అవ్వా, రెండు మిల్లీమీటర్లు!"

"అంటే ఎంత?"

"రూపాయి బిళ్ల మందం."

"గంతదానికి గింత దూరమొచ్చినవా?" అని సత్యమ్మ చాయ్ పోసేది.

ఒక ఎండాకాలం ఆ చుక్క మాయమైంది. గుట్టే పోయిందనుకుని షౌకత్ చెప్పుల్లేకుండా ఉరికొచ్చాడు. గుట్ట ఉంది. పెట్టె రేకులకు మాత్రం వరసగా పిడకలున్నాయి.

"గంత ఎత్తు ఎట్ల ఎక్కినవ్ అవ్వా?"

"నువ్వెట్ల ఎక్కినవో గట్లనే. రేకు కాలుతాంది, జల్దీ ఎండుతయని కొట్టిన."

ఈ వానాకాలంలో ఒక సాయంత్రం షౌకత్ నవ్వకుండా వచ్చి ఫోన్ చూపించాడు. గుట్ట నిండా పచ్చచుక్కలు. ఆమె ఇంటి మీది చుక్క ఒక్కటే ఎర్రగా ఉంది.

"ఇరవై మూడు, అవ్వా. పా, మా ఇంటికి పోదాం."

అంత ఎత్తునుంచి ఎవరో తన బండను వేలితో తడిమి చూశారనిపించి సత్యమ్మకు ఒళ్లు జలదరించింది. అయినా నోరు ఊరుకుంటుందా?

"నేను కదల."

షౌకత్ సరిగ్గా బండ కిందికి వచ్చేలా అరుగుమీద చతికిలబడ్డాడు.

"అయితే నేను గూడ కదల."

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. సత్యమ్మ బండను చూసింది, అతన్ని చూసింది.

"లే బిడ్డా, పిల్లలున్నోనివి!" అని నాలుగు కోళ్లనూ గంపలో కుక్కి, అతనికంటే ముందే స్కూటర్ దగ్గరికి నడిచింది.

మూడోరోజు బండ దొర్లి ఆమె వంటింటిని నుగ్గుచేసింది.

"నిన్ను పంపిన ఆఫీసోళ్లు సల్లగుండాలె" అంది సత్యమ్మ, షౌకత్ ఇంట్లో కూర్చుని.

అతని భార్య బషీరున్నీసా పక్కున నవ్వింది. "ఎవలు పంపిన్రు అవ్వా? ఆఫీసుకు హిమాలయాలే. గీ గుట్టను ఎవలూ చూడుమనలే. రెండేండ్ల సంది అన్నం సల్లారవెట్టుకొని ఈయనే చూస్తాండు."

సత్యమ్మ షౌకత్ వైపు తిరిగింది.

"గంత పైనుంచి నా ఒక్కదాని ఇల్లు చూసినవా?"

"చూసిన అవ్వా."

ఆమె గబగబా కొంగు సర్దుకుంది.

"ముందుగాల చెప్పొద్దా బిడ్డా? మంచి చీరన్న కట్టుకుంటుంటి గదా!"