ముడి లేని టోపీ

అంతర్వేది చిన్నబ్బాయిగారు నలభై ఏళ్లుగా చేపల వలలు అల్లుతున్నారు. 2009 చలికాలంలో, మూడు నెలల మనవరాలికి ఉన్ని టోపీ అల్లాలని రోజూ రాజోలు నెట్‌సెంటర్‌కి వెళ్లి వీడియో చూసేవారు. తెరమీది దొరసాని మాటలు అర్థం కావు. ఆవిడ తల వంచితే తనూ వంచి సూదులు ఆడించేవారు. ఒక్కదగ్గరే పేచీ. ఆవిడ ఉచ్చులన్నీ ముడి లేకుండా వదిలేస్తుంది. “జారిపోవాండీ?” అని తెరనే అడిగి, ఆయన మాత్రం ప్రతి ఉచ్చుకీ వలముడి బిగించేవారు. తీరా పూర్తయ్యాక టోపీ సాగలేదు, పిల్ల తలకెక్కలేదు. “ఇందులోంచి రొయ్యపిల్ల కూడా తప్పించుకోదు నాన్నా!” అని కూతురు అనిత పడీపడీ నవ్వింది. మర్నాడు నెట్‌సెంటర్‌లో ఆయన మొదటిసారి ముడి వేయకుండా ఒక వరస అల్లి, మెల్లగా లాగి చూశారు. సాగింది, జారలేదు. చుట్టూ జనం ఉన్నా తెరకేసి చేతులెత్తి మొక్కి, “ఆయ్, మీరే రైటండీ!” అన్నారు.