చిచ్చా జేబులో మిగిలిన ఫ్యూజులు

మా ఇంట్లో వాళ్ళకు నేను ఎప్పుడూ తప్పుగానే అర్థమవుతాను. ఊరికే ఉంటే అలిగానంటారు, నోరు తెరిస్తే ఎదురు చెబుతున్నానంటారు. గురువారం మధ్యాహ్నం, షాపులో నాతోపాటు పని నేర్చుకునే టైలరక్క ఫోన్ చేసి, "చిచ్చా పోయినాడు మే" అన్నప్పుడు నేను నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెంబు జారలేదు. ఏడుపు రాలేదు. ఆ మాటను చెవి తీసుకుంది గానీ లోపలికి పంపలేదు. మా అమ్మ నా ముఖం చూసి, "పాప జడుసుకున్యాది" అంటూ దిష్టి తీయడానికి ఉప్పు తెచ్చింది. నాయన ఒక్కటే అడిగాడు.

"కరెంటు కొట్టిందా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయనే అందుకున్నాడు. "అందుకే మొదట్నించీ చెప్తాండా, ఆ పని నీకొద్దని. సరేలే, సోమారం బెంగళూరు పోతావు కదా. ఉద్యోగంలో పడితే అన్నీ మరుస్తావు."

కరెంటు కొట్టలేదు. ఉరవకొండలో ఆ ప్రశ్న అడగని మనిషి లేడు కాబట్టి ఇక్కడ కూడా చెబుతున్నాను. పాములు పట్టేవాడు పాముకాటుకే పోతాడన్నట్టు, కరెంటు పనివాడు కరెంటుతోనే పోవాలని అందరి నమ్మకం. చిచ్చా పోయింది గుండె ఆగి. పట్టపగలు, ఒక చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య, మోటారు రూము ముందు రాతిమీద కూర్చుని. ముందురోజు సాయంత్రం నాతో కలిసి బొరుగుల్లో బజ్జీ నంజుకుంటూ, కారం చాలలేదని బండివాడితో పోట్లాడిన మనిషి.

చిచ్చా అంటే చిన్నాన్న గానీ, ఆయన నాకు బంధువు కాదు, ఎదురింటాయన. బస్టాండు దారిలో ఫ్యాన్లు, మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపు ఆయనది. ఇళ్ళకు వైరింగ్ చేసేవాడు, పొలాల్లో మోటార్ల స్టార్టర్లు చూసేవాడు. చరిత్రలో డిగ్రీ అయిపోయాక రెండేళ్ళుగా నేను ఆ షాపుకు పోతున్నాను. ఉద్యోగం రాక, పొద్దుపోక పోతోందని మా వాళ్ళ లెక్క. మా మేనత్త ఇంకో అడుగు ముందుకేసి, అక్కడ ఎవరైనా అబ్బాయి ఉన్నాడేమోనని మిక్సీ వంకతో వచ్చి చూసిపోయింది. అక్కడ చిచ్చా, టైలరక్క, రిటైరైన హెడ్మాస్టరు, గొర్రెలు మేపి వచ్చిన ఒక పెద్దాయన కనిపించారు. పాపం, ఆమెకు చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

నేర్చుకుంటామని ఎవరొచ్చినా చిచ్చా ఏం చదివావని అడగడు. "ఇంతకుముందు యేం పని చేస్తాంటివి?" అంటాడు. జవాబు విని ఆ మనిషి చేతులవైపు అనుమానంగా చూస్తాడు. నాకు మొదట్లో అది మర్యాద అనిపించింది. తర్వాత తెలిసింది, ఆయనకు అది భయమని. "పాత పని చేతుల్లోనే ఉంటాది పాపా. మనల్ని కొట్టేది అదే. కరెంటుదేముండాది, అది దాని దారిన అది పోతాంటాది" అనేవాడు.

టైలరక్క సంగతే చూడండి. కుట్టుమిషను మోటారు రెండుమూడుసార్లు షాక్ కొడితే, బాగుచేసేవాడి కోసం ఎదురుచూడలేక తనే నేర్చుకుందామని వచ్చింది. రవికె గుడ్డ చూసి అదే రంగు దారం తీసే చెయ్యి. ఒక పాత ఇంట్లో ఎర్ర వైరుకు ఎర్ర వైరు, నల్లదానికి నల్లది చక్కగా జత చేసింది. ఆ ఇంటికి అంతకుముందు వైరింగ్ చేసినవాడు ఏ రంగు దొరికితే ఆ రంగు లాగేశాడు. కరెంటు ఆమెను గోడదాకా విసిరికొట్టింది. చిచ్చా నీళ్ళు తాగించి, "జాకెట్టు కుట్టినావు కదమ్మా" అన్నాడు. ఆయన కళ్ళకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఆ సంగతి ఆరోజే మాకు చెప్పాడు. "నాకు రంగు కనపడదు, అందుకే బతికుండా. ప్రతి వైరుకూ టెస్టరు పెడ్తా" అని నవ్వాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టేటప్పుడు రంగులు చెప్పే పని టైలరక్కదయింది.

గొర్రెల మామది మడకశిర వైపు. మందను అమ్మేసి ఇక్కడ కూతురింటికి వచ్చాడు. దొడ్డి దగ్గర నక్కలు రాకుండా పాత బ్యాటరీతో దీపం కట్టుకున్నప్పటినుంచీ ఆయనకు ఇదే ధ్యాస. ఆయన వేసే ముడి ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. వైరుకు కూడా అదే వేశాడు. "ఇదేమన్నా గొర్రెపిల్లనా మామా, పొద్దున్నే ఇప్పి తోలేకి?" అని చిచ్చా అరిస్తే, "గట్టిగా కట్టితే దానికి నొప్పి కదప్పా" అన్నాడాయన. షాపంతా నవ్వింది. హెడ్మాస్టరుగారు ఎవరికైనా వివరించేటప్పుడు అలవాటుగా బోర్డుకు వీపు పెట్టి నిలబడతారు. మూత తీసిన స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి ఇంటామెకు పాఠం చెప్పబోతే, చిచ్చా చొక్కా పట్టి ముందుకు లాగాడు. "సారూ, ఈ క్లాసులో పిలగాళ్ళు యెనకల ఉండారు" అన్నాడు.

నా దగ్గరికొచ్చేసరికి ఆయనకు దిక్కు తోచేది కాదు. "నువ్వు యే పనీ చేసి రాలేదు. నీ తప్పు యాడ్నించి వస్తాదో నాకు తెలీదు. నిన్ను చూస్తేనే నాకు భయం" అనేవాడు. మా ఇంట్లో నా గురించి అన్ని అభిప్రాయాలున్నాయి కదా, నన్ను చూసి తెలియదని ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే.

ఆయన పాత పని ఏమిటని నేనూ అడిగాను. చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో తలమీద ట్యూబులైట్లు మోసేవాడట. వెనక బండిమీద జనరేటరు, దాన్నుంచి ఒకే వైరు, ఆ వైరుకు వరసగా మనుషులు. ఒకడు దించితే వరసంతా ఆగాలి. అందుకని మెడ విరిగిపోతున్నా పెళ్ళికొడుకు ఇల్లు చేరేదాకా దించకూడదు. "నెత్తిన వెలుగుతాండాది, అది యాడ్నించి వస్తాందో సూద్దామంటే తలకాయ ఎత్తేకి లేదు. ఆ కడుపుమంటతోనే ఈ పని నేర్చుకుంటి" అన్నాడు. అప్పుడు నేను నవ్వాను. మరి ఆ పని మీకు ఏ తప్పు నేర్పిందని అడగాలని నాకు తోచలేదు.

తోట రైతు చెప్పినదాన్నిబట్టి ఆ ఉదయం జరిగింది ఇది. స్టార్టరు కాలిపోతే చిచ్చాను పిలిపించాడు. పని సగంలో ఉండగా చిచ్చాకు చొక్కా తడిసేంత చెమటలు. "కూర్చోన్నా, మొగం యెట్లనో ఉండాది" అన్నాడు రైతు. "గ్యాసులే. రెండు వైర్లు అయినాయి, ఇంకొక్కటే ఉండాది" అన్నాడట చిచ్చా. కాసేపటికి మళ్ళీ చెబితే మళ్ళీ అదే మాట. మూడోసారి రైతు చెప్పనక్కర లేకుండానే వచ్చి రాతిమీద కూర్చుని నీళ్ళడిగాడు. నీళ్ళు తెచ్చేసరికి అయిపోయింది.

ఇంకొక్కటే ఉండాది. ఊరేగింపు ఇల్లు చేరలేదని దించలేదు. మా నలుగురి చేతులూ పట్టి పట్టి చూసిన మనిషి, తన మెడమీద ఇంకా ఏముందో చూసుకోలేదు. ఇది నాకు శవం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. అప్పుడు వచ్చింది ఏడుపు, కోపంతో. మా అమ్మ నా వీపు నిమురుతూ, "భయపడాకు మ్మే, నువ్వెట్లా ఆ పనికి ఇంక పోవు కదా" అంది.

శుక్రవారం ఆయన్ను తీసుకుపోవడానికి ముందు, మగవాళ్ళు స్నానం చేయించబోతూ ఆయన ఒంటిమీది చొక్కా తీసి లోపలికి ఇచ్చారు. చాచీ, అంటే ఆయన భార్య, జేబులు తడిమి నన్ను పిలిచింది. ఆమె చేతిలో మూడు పింగాణీ ఫ్యూజులు.

"ఇవి యెవరివి పాపా? యెవరికన్నా ఇయ్యల్లనా?"

ఎక్కడ పని మొదలుపెట్టినా చిచ్చా ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాడు. మెయిన్ ఆపితే సరిపోదు, ఎవరో ఒకరు తెలియక పైకెత్తుతారు. తీసినవాడే మళ్ళీ పెట్టాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆయన షాపులో అన్నిటికీ బేరం ఉండేది గానీ, దీనికి లేదు. ఇప్పుడు తీసినవాడు లేడు. చీనీ తోట మోటారు నిన్నటినుంచీ ఆగే ఉంది. ఆ రైతుకు మిగిలింది ఆ ఒక్క బోరు. ఆయన బయట గోడ పక్కన తువ్వాలు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు, ఎవరినీ ఏమీ అడగకుండా.

నేను ఫ్యూజులు తెచ్చి హెడ్మాస్టరుగారికి చూపించాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. గొర్రెల మామ తల అడ్డంగా ఊపి, "బ్యాడప్పా, నాకు బ్యాడ. ఆయన తీసింది నేనెట్ల పెట్టేది?" అన్నాడు. రైతు చూసి, "తొందరేం లేదమ్మా. మనిషే పోయినాడు, చెట్లదేముండాది" అన్నాడు. ఆ మాట మనసారా అన్నదే. కానీ ఆయన చూపు నా చేతిమీదికి వచ్చి పోయింది.

"మళ్ళా మొదట్నించీ చూసుకుంటా వద్దాం మే," అంది టైలరక్క. "ఒక్క వైరూ అయిపోయిందనుకోకుండా అన్నీ చూస్తే, అప్పుడు మనం తీసినట్లే కదా?"

శనివారం పొద్దున ఇద్దరం తోటకు పోయాం. స్టార్టరు మూత తీసే ఉంది. కింద చిచ్చా స్క్రూడ్రైవరు, దాని పక్కన మడిచిపెట్టిన కళ్ళద్దాలు. అద్దాలు తీసి అంత జాగ్రత్తగా మడిచిపెట్టాడంటే, ఇంకొక్క వైరు కూడా తనవల్ల కాదని ఆ క్షణాన తెలిసే ఉండాలి. అది చూసి టైలరక్క బయటికి పోయి ముక్కు చీదుకుని వచ్చింది. మెయిన్ కిందికే ఉందని చూశాను. ప్రతి వైరుకూ టెస్టరు పెట్టాను. చిచ్చా బిగించిన రెండు వైర్లనూ ఊడదీశాను. అలా ఊడదీయడం నాకు కష్టమయింది. ఒకటి గట్టిగానే ఉంది. రెండోది వదులుగా ఉంది, మా షాపులో ఎవరు అలా బిగించినా ఆయన ఊరుకునేవాడు కాదు. అప్పటికే ఆయన చేతుల్లో బలం లేదు. మూడోది మొదలే పెట్టలేదు. మూడూ నేనే బిగించాను, టైలరక్క మళ్ళీ లాగి చూసింది. నా జేబులోంచి ఫ్యూజులు తీసి పెట్టాను.

పొలాలకు కరెంటు వచ్చే వేళకు మెయిన్ ఎత్తి బటన్ నొక్కాను. మోటారు మూలిగింది. చాలాసేపు ఏమీ రాలేదు. రైతు వంగి పైపులోకి చూశాడు. పైపు దగ్గి, గాలి కక్కి, కాస్త ఎర్ర నీళ్ళు ఉమ్మింది. తర్వాత ధార పడింది, సన్నగానే.

అక్కడే కూర్చుని చాలాసేపు చూశాను. నీళ్ళు మొదటి చెట్టు పాదులోకి చేరాయి. ఎండుటాకులు పైకి తేలి మెల్లగా తిరగసాగాయి. పాదులోని చీమలు గుడ్లు నోట కరుచుకుని, వరసగా మానుమీదికి ఎక్కుతున్నాయి.

ఈరోజు ఆదివారం. నాయన కొత్త బ్యాగు కొనుక్కొచ్చాడు. అమ్మ ఊరగాయ కట్టింది. పాప ఇప్పుడు కుదురుకుందని మేనత్తకు ఫోన్లో చెబుతున్నారు.

నేను బెంగళూరు పోవడం లేదు. చాచీని అడిగి షాపు తాళం తీసుకున్నాను. రేపు పొద్దున తెరుస్తాను.