జబల్ మీద మిరుగం మిరప

మిరప గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్ళు మండేది. మాది పల్నాడు. మా నాన్న ఎకరన్నరలో మిరప వేసేవాడు. కల్లంలో కాయ ఆరబోసిన రోజుల్లో ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే అన్నం తినేవాళ్ళం. అలాంటి నన్ను నర్సు ఉద్యోగం తెచ్చి ఒమన్‌లో, నిజ్వా పైనున్న పెద్ద కొండ మీద పడేసింది. ఇక్కడ అందరూ దాన్ని జబల్ అంటారు. కింద ఊళ్ళు పెనంలా కాలుతుంటే ఇక్కడ సాయంత్రానికి స్వెట్టర్ వేసుకుంటాం. దానిమ్మలు కాస్తాయి, గులాబీలు పూస్తాయి. మిరప చెట్టు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. దానికి సరిపడా వెచ్చదనం ఉండేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే.

అక్కడ మిరప వేస్తానని బయల్దేరిన మహానుభావుడు మా హెల్త్ సెంటర్‌లోనే ఉన్నాడు. మొక్కలకు నీళ్ళు పెట్టడం, ఊడవడం, జనరేటర్ చూడటం అన్నీ ఆయనే. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అమ్మా అని, మీరు అని పిలిచేవాడు. నేను ఏవయ్యా అనేదాన్ని. అందులో తప్పేముందో అప్పట్లో నాకు తోచనే లేదు.

ఆయన దగ్గర మాత్రల కవరులో మడిచి పెట్టుకున్న మిరప గింజలుండేవి. వాళ్ళ ఊరి రకం, పొట్టి కాయ. ఆ ఊరు ఇప్పుడు లేదు, రిజర్వాయరు కింద మునిగింది. ఇల్లూ చేనూ నీళ్ళలో పోగా భార్యాపిల్లలు టౌన్లో అద్దెకుంటున్నారు. చుట్టుపక్కల రైతులంతా ఎప్పుడో ప్యాకెట్ విత్తనాలకు మళ్ళారు. ఆ రకం ఇంకెక్కడా లేదు, ఈ కవరులో తప్ప. గింజలకు అప్పటికే మూడేళ్ళు దాటాయి, ఇంకో ఏడాది ఆగితే మొలవ్వు. కాబట్టి ఇక్కడే పండించి, కొత్త గింజ తీసి, వచ్చే సెలవుకి ఇంటికి పట్టుకెళ్ళాలి. ఇదీ ఆయన తాపత్రయం.

సరే, మంచిదే. ఏప్రిల్‌లోనే నారు పొయ్యమన్నాను.

“ఇప్పుడే ఎట్ల పోస్తమమ్మా? మిరుగం రావాలె గదా,” అన్నాడు.

మిరుగం అంటే మృగశిర కార్తె. జూన్‌లో వస్తుంది. అది వాళ్ళ ఊరికి వానలొచ్చే కాలం. మా కొండ మీద ఆ రోజు ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా ఉండదు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఇక్కడున్నదే ఏడు నెలలు, అందులో రెండు నెలలు నీ కార్తెకు దక్షిణ ఇస్తావా అని. వింటేనా? ఫోన్‌లో క్యాలెండర్ చూసుకున్నాడు. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసి వాన పడిందా అని అడిగాడు. అక్కడ జగిత్యాలలో వాన పడితే ఇక్కడ ఒమన్‌లో కవరులోని గింజలన్నీ నాటాడు. ఇంతకంటే తెలివితక్కువ మనిషిని నేను చూడలేదనుకున్నాను, ఆ మాట ల్యాబ్‌లో వాళ్ళకు చెప్పి నవ్వాను కూడా.

పదకొండు మొలిచాయి. ఆరు బతికాయి. సెప్టెంబరు సగంలో గానీ పూత రాలేదు. అక్టోబరు అయ్యేసరికి కాయలైతే పడ్డాయి గానీ అన్నీ పచ్చివే, పండితే గానీ విత్తనానికి పనికిరావు, చలి మాత్రం దిగిపోయింది. అప్పుడు మొదలైంది ఆయన చాకిరీ. మొక్కల చుట్టూ నల్లరాళ్ళు పేర్చాడు, పగటి ఎండకు కాగి రాత్రి వెచ్చగా ఉంటాయట. పొద్దు వాలగానే కర్రలు పాతి బియ్యం సంచులు కప్పేవాడు, చంటిపిల్లలకు చెవులకు గుడ్డ కట్టినట్టు. మిరపకు దుప్పట్లేంటయ్యా, కాళ్ళకు మేజోళ్ళు కూడా తొడుగు అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా చిరాకేసేది.

నవంబరులో రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కని ఆయన రెండు రోజులు నిజ్వా వెళ్ళాల్సి వచ్చింది.

“అమ్మా, పొద్దుగూకంగ జర సంచులు కప్పుండ్రి. నాలుగు కాయలు రంగు తిరుగుతున్నయి. ఇంకో పది దినాలైతె పండుతయి.”

“వెళ్ళిరావయ్యా బాబూ. మిరప గురించి నువ్వు నాకు చెప్తావా?”

ఆ మధ్యాహ్నమే గాలి తిరిగింది. ఈ రాత్రి నీళ్ళు గడ్డకడతాయని అంబులెన్స్ డ్రైవర్ అన్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. తుపాను వస్తోందంటే చాలు, పచ్చికాయైనా సరే కోయించేసేవాడు, కుళ్ళిపోయేకంటే నయం కదా అని. రైతంటే అలా ఆలోచించాలి. బియ్యం సంచులు చలిని ఆపుతాయా, ఈ మనిషి పిచ్చి గాకపోతే! బేసిన్ తీసుకెళ్ళి ఆరు మొక్కలూ దులిపేశాను. యాభైమూడు కాయలు. నూనెలో వేయించి, చింతపండూ వెల్లుల్లీ వేసి పచ్చడి నూరాను. వచ్చాక నాలుగు ముద్దలైనా తింటాడు, నా పుణ్యమా అని. ఆ రాత్రి గర్వంగానే నిద్రపోయాను.

తెల్లారి లేచి చూస్తే ఎక్కడా మంచు లేదు. బయట బకెట్‌లో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆకు ఒక్కటి కూడా వాడలేదు. ఈ రాత్రికి పడుతుందిలే అనుకున్నాను. ఆ రాత్రీ పడలేదు. నెలాఖరు దాకా పడలేదు, అయినా ఆ చలికి మళ్ళీ పూత మాత్రం రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చి తిన్నగా మొక్కల దగ్గరికే వెళ్ళాడు. ఆయన అడగకముందే నేను గడగడా చెప్పేశాను, గాలి సంగతి, డ్రైవర్ మాట, మా నాన్న తుపాను. ఆయన తలూపుతూ విన్నాడు. కోప్పడితే బాగుండేది, గట్టిగా తిరగబడి గెలిచేదాన్ని. వరండా మెట్టు మీద కూర్చోబెట్టి అన్నం, పచ్చడి వడ్డించాను. మొదటి ముద్దకే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మా ఊరి కారమే అమ్మా,” అని ముక్కు తుడుచుకున్నాడు. ఇంకో ముద్ద కలుపుతూ అన్నాడు: “పోనియ్యిండ్రి. చలికి పోయేకంటె మీరు తెంపుడే మంచిగైంది. రంగు తిరిగిన ఆ నాలుగు కాయలల్ల గింజలు తీసిపెట్టిన్రు గదా. మీరు రైతు బిడ్డలు, మీకు చెప్పేదేమున్నది? ఏడ పెట్టిన్రమ్మా?”

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను వెక్కిరించిన ఆ ఏడు నెలలూ నేను తనకంటే తెలిసినదాన్నని నమ్ముతూ వచ్చాడన్నమాట. నామీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. ఆ నాలుగు కాయలూ నేను ఏరి మరీ ముందు వేయించాను, పచ్చడికి రంగు వస్తుందని.

“పళ్ళెంలో ఉన్నాయి,” అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. అన్నంలోంచి ఒక గింజను గోటితో పక్కకు తీసి, నీళ్ళతో కడిగి, అరచేతిలో పెట్టుకుని చూశాడు. వేగిన గింజ మొలవదని మా ఇద్దరికీ తెలుసు.